రాసేది క్యూఎండీలో, ఇచ్చేది హెచ్‌టీఎంఎల్‌లో

మా డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పిల్లలకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒకటే మాట వింటున్నాను: "మేడం, నోట్స్ పీడీఎఫ్ పెట్టేయండి." పిల్లలదీ అదే మాట, స్టాఫ్‌రూమ్‌లో సార్లదీ అదే మాట. థియరీ నోట్సుకైతే సరే. కోడ్ ఉన్న పాఠం మాత్రం పీడీఎఫ్‌లో ఇవ్వను.

వర్డ్‌లో కోడ్ టైప్ చేస్తే నిటారు కొటేషన్ గుర్తుల్ని అది తనంతట తానే వంకర గుర్తులుగా మార్చేస్తుంది. దాన్నే పీడీఎఫ్ చేసి ఇస్తారు. ఆ లైను కాపీ చేసి ఆర్‌లో పెట్టగానే 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌పుట్' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. కంటికి రెండు గుర్తులూ ఒకటే కాబట్టి, ఆ పిల్ల తనకే ప్రోగ్రామింగ్ రాదనుకుంటుంది. ఇంకో ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో కోడ్ అయితే మరీ కష్టం. పీడీఎఫ్ నుంచి తీసేటప్పుడు లైను మొదట్లో ఖాళీలు చాలాసార్లు ఎగిరిపోతాయి, ఆ ఖాళీలు లేకపోతే పైథాన్ అడుగు ముందుకు వేయదు. ఇక మధ్యలో రాసిన తెలుగు వివరణను కాపీ చేసి చూడండి, ఒత్తులొకచోట, గుణింతాలొకచోట.

"అయితే జూపిటర్ నోట్‌బుక్ ఇవ్వొచ్చుగా?" అంటారు కంప్యూటర్స్ వాళ్లు. కోడూ, దాని ఫలితమూ, వివరణా ఒకేచోట ఉండే ఫైలు అది. ల్యాబ్‌లో డేటాను కెలికి చూడటానికి నాకూ అదే ఇష్టం. ముక్క రాయడం, నడపడం, చూడటం. కానీ ఆ ఫైలు లోపల ఉన్నది జేసన్, అంటే బ్రాకెట్ల మధ్య డేటా రాసే పద్ధతి. గ్రాఫులు కూడా పొడుగాటి అక్షరాల దండలుగా అందులోనే ఉంటాయి. వాట్సాప్‌లో పంపితే ఫోన్‌లో పాఠం కనబడదు, బ్రాకెట్లు కనబడతాయి. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. బ్రౌజర్‌లోనే నోట్‌బుక్ నడిపే గూగుల్ కొలాబ్ ఉందిగా అంటే, దానికి నెట్ కావాలి. ఇంకో చిక్కు: సెల్స్‌ని, అంటే కోడ్ ముక్కల్ని, ఏ వరసలోనైనా నడపొచ్చు. పైన సెల్ చెరిపేసినా అందులోని వేరియబుల్ మెమరీలో ఉండిపోతుంది. అందుకే నిన్న నడిచిన నోట్‌బుక్ ఈ రోజు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు మొరాయిస్తుంది.

అసలు ఒక్క ఫార్మాటే అన్నిటికీ సరిపోవాలని ఎందుకనుకోవాలి? నేను రాసుకునే ఫైలు వేరు, పిల్లల చేతికిచ్చే ఫైలు వేరు. రాసేది క్వార్టోలో, అంటే క్యూఎండీ ఫైలుగా. వివరణా కోడూ కలిపి రాస్తే పాఠం పేజీగా మార్చిపెట్టే సాధనం అది. ఆర్‌కి సాఫ్ట్‌వేర్ చేసే ఆర్‌స్టూడియో కంపెనీ వాళ్లు 2022లో దీన్ని తెచ్చారు, ఆ ఏడాదే కంపెనీ పేరు పాజిట్‌గా మారింది. ఇది వట్టి టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది. దీనికి ముందున్న ఆర్ మార్క్‌డౌన్‌లో రాసిన పాత పాఠాలు దాదాపు అలాగే పనికొచ్చాయి. రెండర్ నొక్కితే కోడ్ కొత్త సెషన్‌లో పైనుంచి కిందికి నడుస్తుంది. ఎక్కడైనా తప్పుంటే పేజీ తయారవ్వదు. నాకు కావలసిన క్రమశిక్షణ అదే.

బయటికొచ్చేది హెచ్‌టీఎంఎల్, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీ. ఎంబెడ్-రిసోర్సెస్ అనే సెట్టింగును ట్రూ చేస్తే గ్రాఫులన్నీ ఒకే ఫైల్లోకి వచ్చేస్తాయి, నెట్ లేకపోయినా క్రోమ్‌లో తెరుచుకుంటుంది. ఒక మెలిక ఉంది. సూత్రాలు చూపించే మ్యాథ్‌జాక్స్ అందులోకి రాదు. సెల్ఫ్-కంటెయిన్డ్-మ్యాథ్ అని ఇంకో లైను విడిగా రాయాలి, లేకపోతే నెట్ లేనిచోట వేరియన్స్ సూత్రం బదులు బ్రాకెట్లూ స్లాషులూ దర్శనమిస్తాయి.

డేటా మాత్రం సీఎస్‌వీలోనే, అంటే కామాలతో విడదీసిన వట్టి టెక్స్ట్ ఫైలుగానే ఇస్తాను, ఎక్సెల్ ఫైలుగా ఇవ్వను. ఎక్సెల్‌లో 10-2-25 అనే డోర్ నంబరు టైప్ చేస్తే ఫిబ్రవరి 10 అయిపోతుంది, 12/3 సర్వే నంబరు మార్చి 12 అయిపోతుంది. ఈ బాధ పడలేకే 2020లో జన్యువుల పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ కొన్ని పేర్లనే మార్చుకుంది. మన సర్వే నంబర్లను ఎవరు మారుస్తారు? సీఎస్‌వీనీ డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే ఇదే జరుగుతుంది కాబట్టి, డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుని ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పమంటాను. తెలుగు మండలాల పేర్లున్న ఫైలైతే డబుల్ క్లిక్‌కి ఇంకో శిక్ష ఉంది: ప్రతి అక్షరం బదులూ నెత్తిన గీతున్న ఇంగ్లీషు 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు. తెలుగు అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ని బీఓఎంతో, అంటే ఫైలు మొదట్లో ఆ ఎన్‌కోడింగ్‌ని చెప్పే గుర్తుతో, సేవ్ చేస్తే ఆ గోల తప్పుతుంది.

టెక్స్ట్ ఫైళ్ల విలువ జిల్లాల పాఠంలో బాగా తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత జిల్లాల వర్షపాతాన్ని కొత్త జిల్లాల పంట విస్తీర్ణంతో పోల్చాలంటే ఏ మండలం ఏ పాత జిల్లాలోంచి ఏ కొత్త జిల్లాలోకి వచ్చిందో చూపే జత పట్టిక కావాలి. అది సీఎస్‌వీలో ఉంటే ఏ మండలం లైను మారిందో, ఫైళ్లలో మార్పుల్ని గుర్తుపెట్టుకునే గిట్ వెంటనే చూపిస్తుంది. ఎక్సెల్ ఫైలైతే 'మారింది' అనే చెబుతుంది, ఏం మారిందో చెప్పదు.

ప్రాక్టికల్ రికార్డుకి కాగితం తప్పదు, సంతకం దానిమీదే పెడతారు. దానికి క్రోమ్‌లోంచే ప్రింట్ తీయిస్తున్నాను. మిగిలిన చిక్కల్లా గ్రాఫుల మీద తెలుగు. ఆర్‌లో గ్రాఫుల్ని బొమ్మలుగా గీసే ర్యాగ్ ప్యాకేజీ పెడితే ఒత్తులు సరిగ్గా కుదురుతున్నాయి. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్, మా ల్యాబ్‌లో ఉన్నది మాత్రం 'శ్రీకాకుళం'లో 'శ్రీ'ని ముక్కలు చేసి పక్కపక్కన పెడుతోంది. అందుకని పైథాన్ పాఠంలో ఇరుసుల మీద జిల్లాల పేర్లు ప్రస్తుతానికి ఇంగ్లీషులోనే.