అన్నీ థైరాయిడ్ ఖాతాలోనే

ఏళ్ల తరబడి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నదాన్ని కాబట్టి, నాకొచ్చే ప్రతి బాధనూ ఇంట్లో దాని ఖాతాలోనే వేసేవారు. ముట్లు ఆగిపోయాక వచ్చిన బాధలూ అంతే. ఉన్నట్టుండి మెడ నుంచి ముఖానికి సెగ ఎగదన్నేది, రవికె తడిసిపోయేది, తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్ళీ కన్ను మూతపడేది కాదు. హనుమకొండలో ఒక డాక్టరు నా ముఖమైనా చూడకుండా, "ఈ వయసులో మామూలేనమ్మా, గుడికో భజనకో వెళ్తూ ఉండండి" అన్నాడు. భజనలకు నేను వ్యతిరేకిని కాను. ఆ మాట చెప్పడానికి ఫీజు ఎందుకు తీసుకున్నాడన్నదే నా కోపం.

ఆ తర్వాత డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నా అవస్థ చూడలేక ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళింది. వాళ్ళు లాలాజలం పరీక్ష చేసి, "మీ ఒంటికి కొలిచి చేయిస్తాం" అంటూ, మందుల షాపులో ప్రత్యేకంగా కలిపించిన ఆడ హార్మోన్ల మందులు ఇచ్చారు: ఈస్ట్రోజన్ క్యాప్సూళ్ళు, ప్రొజెస్టరాన్ క్రీము. సెగలు తగ్గిన మాట నిజం, కాదనను. డబ్బా మీద నా పేరు, మోతాదు ఉన్నాయి గానీ హెచ్చరికల కాగితమంటూ ఏదీ లేదు. ఇలా విడిగా కలిపే మందులను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించి ఆమోదించదని, వీటి వాడకాన్ని పరిమితం చేయాలని 2020లోనే అక్కడి జాతీయ సైన్స్ అకాడమీల నిపుణులు చెప్పారని నాకు చాలా తర్వాత తెలిసింది. థైరాయిడ్ మాత్ర సంగతి ఫారంలో రాసే ఇచ్చాం. దాని గురించి ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

తిరిగొచ్చిన ఏడాది సద్దుల బతుకమ్మ నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి వచ్చి చీర మార్చుకుంటుంటే రక్తపు మరక కనిపించింది. కుచ్చిళ్ళలో ఇంకా గునుగు రేకులు చిక్కుకునే ఉన్నాయి. అర్ధరాత్రికి గడ్డలు పడటం మొదలైంది. మా మేనత్తకు గర్భసంచి క్యాన్సర్ ఇలాగే బయటపడింది. ఇంటి నిండా పండగ చుట్టాలు. ఎవరూ లేవకూడదని నల్లా సన్నగా తిప్పి, నిండని బకెట్ ముందు వణుకుతూ నిలబడ్డాను. మా వదిన లేచి వచ్చి, విషయం విని నవ్వింది. "అదృష్టవంతురాలివి, మళ్ళీ పడుచుదానివవుతున్నావు!" ఆమె మనసులో ఏమీ లేదని తెలుసు. అయినా ఇప్పటికీ ఆమె ఎదురైతే ఆ మాటే ముందు గుర్తొస్తుంది.

మా అత్తమ్మ నన్ను ఒకప్పుడు నెలకు మూడు రోజులు మూల కూర్చోబెట్టిన మనిషి. ఆ రాత్రి నా పక్కనే పడుకుని తెల్లవార్లూ వీపు నిమిరింది. "పండగని చూడొద్దు బిడ్డా, పొద్దున్నే పోవాలి" అంటూ మా ఆయన్ని చీకటితోనే లేపింది.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 11 మిల్లీమీటర్లు ఉంది. ముట్లుడిగాక రక్తం కనిపించినవారిలో అది 4 లోపు ఉంటే భయం చాలా తక్కువట. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ లేదని వచ్చింది.

నన్ను చూసిన లేడీ డాక్టరుకు చేతులెత్తి మొక్కాలి. సంచిలోని మందులన్నీ బల్ల మీద పెట్టించి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చదివింది. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజన్ ఇస్తే పొర పెరగకుండా తగినంత ప్రొజెస్టరాన్ ఇవ్వాలి, ఒంటికి రాసే క్రీము అందుకు చాలదు. ఈస్ట్రోజన్‌ను నోటితో మింగితే థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ రక్తంలో పెరుగుతుంది, రోజూ వేసుకునే మాత్ర సరిపోదు. ఆ వేసవిలో నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలనప్పుడు పెరిగే హార్మోన్) పెరిగి, మాత్ర 75 మైక్రోగ్రాముల నుంచి 100కి ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది. పెంచినవారెవరూ కారణం వెతకలేదు. క్యాప్సూళ్ళు ఆపాక ఆ 100 ఎక్కువై గుండె దడదడలాడింది. మళ్ళీ 75కి వచ్చాం.

కొన్ని నెలలు ప్రొజెస్టరాన్ మాత్రలు వాడి, పొర మామూలుగా ఉందని మళ్ళీ చూశాకే, చర్మానికి రాసే ఈస్ట్రోజన్ జెల్ కొద్ది మోతాదులో మొదలుపెట్టారు. రాత్రికి ప్రొజెస్టరాన్ క్యాప్సూల్. జెల్ వల్ల థైరాయిడ్ మాత్రకు అంతగా ఇబ్బంది ఉండదట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారు మాత్రం నన్ను చూసి మొదలుపెట్టకండి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉంచండి. ముట్లాగిన ఏడాది తర్వాత చుక్క రక్తం కనిపించినా పండగ, చుట్టాలు అని ఆగకండి.

డాలస్ క్లినిక్‌కు మా అమ్మాయి జరిగిందంతా రాసింది. ఇంకోసారి లాలాజలం పరీక్ష చేయించుకోమని, దాని ధరతో సహా జవాబొచ్చింది!

ఆ రాత్రి మా అత్తమ్మ సమ్మక్క, సారలమ్మలకు నా నిలువెత్తు బంగారం మొక్కుకుందట. థైరాయిడ్ పుణ్యమా అని పెరిగిన నా బరువు ఆమెకు గుర్తున్నట్టు లేదు. మేడారం జాతరలో త్రాసు మీద నేను కూర్చుంటే, బెల్లం చాలక మా ఆయన మళ్ళీ దుకాణానికి పరుగెత్తాడు.