కొండ అడుగున రాయిని కాస్త కదలనివ్వాలి

ఎత్తయిన కొండల కింద సొరంగం అనగానే గట్టి రాయిని పగలగొట్టడమే పెద్ద పని అనుకుంటారు. నిజానికి గట్టి రాయి తగిలితే తవ్వేవాళ్లకు పండగే. ఒక్కో బ్లాస్టింగ్‌కి మూడు నాలుగు మీటర్లు ముందుకెళ్లొచ్చు, కప్పు చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. చిక్కంతా నలిగిన రాయితో, దాని వెనకున్న నీటితో.

తలమీద కిలోమీటరు మందాన కొండ ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 270 కిలోల ఒత్తిడి. ఫిల్లైట్, షిస్ట్ లాంటి పొరల రాయి ఆ ఒత్తిడికి తాళలేక తవ్విన ఖాళీలోకి మెల్లగా జరుగుతూ వస్తుంది. ఊడి పడదు, చప్పుడూ ఉండదు, సొరంగం మాత్రం రోజురోజుకీ ఇరుకవుతుంది. భయపడి మొదటి రోజే మందంగా కాంక్రీటు పోస్తే అది పగులుతుంది, ఉక్కు కమాన్లు మెలితిరుగుతాయి. అంత బరువును పూర్తిగా అడ్డుకోగల లైనింగ్, అంటే సొరంగం లోపలి కాంక్రీటు పొర, కట్టడం అయ్యే పని కాదు.

స్విట్జర్లాండ్‌లో 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గొట్టార్డ్ బేస్ టన్నెల్‌లో, సెడ్రున్ దగ్గర ఇదే సమస్య వచ్చింది. అక్కడి పరిష్కారం నాకు చాలా ఇష్టం. రాయి ఎంత లోపలికి రావచ్చో ముందే లెక్కగట్టి, కొన్నిచోట్ల 70 సెంటీమీటర్ల దాకా అదనంగా తవ్వారు. ఉక్కు కమానుని ఒకే ముక్కగా కాకుండా, ఒకదాని మీద ఒకటి జారే ముక్కలుగా పెట్టి క్లాంపులతో బిగించారు. రాయి నొక్కేకొద్దీ ముక్కలు రాపిడితో జారుతూ, ఒత్తిడిని ఎదిరిస్తూనే చిన్నవవుతాయి. ఫేస్, అంటే తవ్వుతున్న గోడ, ముందుకు ఉబ్బకుండా దాంట్లోకీ పొడవాటి బోల్టులు దించారు. గోడలకు బిగించిన గుర్తులు ఎంత జరిగాయో కొలుస్తూ ఉండాలి. ఆ కొలతల గ్రాఫు చదునయ్యాకే, అంటే కదలిక ఆగాకే, చివరి కాంక్రీటు. కాకముందే తొందరపడితే పోసిన లైనింగ్ మళ్లీ పగులుతుంది.

వేడి సంగతి కొంత నయం, ముందే అంచనా వేయొచ్చు. గొట్టార్డ్‌లో రాయి 46 డిగ్రీల దాకా ఉంది. గాలిని చల్లబరిచి పంపే ఏర్పాటు మొదటి నుంచీ డిజైన్‌లో ఉంటే చాలు.

నీరు అలా కాదు. హిమాచల్‌లో రోహ్‌తాంగ్ కనుమ దగ్గరి 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌లో, నలిగిన రాయిలోంచి నీరు ఉబికే సెరీ నాలా ఫాల్ట్ జోన్ (రాయి విరిగి జరిగిన పట్టీ) పొడవు 587 మీటర్లే, దాన్ని దాటడానికి ఏళ్లు పట్టింది. అలాంటిచోట పైకప్పు అంచు వెంట 12 నుంచి 15 మీటర్ల స్టీలు పైపులు గొడుగులా దించి, వాటిలోంచి రాయి సందుల్లోకి గ్రౌట్, అంటే పల్చటి సిమెంటు ద్రవం, ఎక్కించి, ఆ నీడలో మీటరు చొప్పున తవ్వుతారు. వరుసకీ వరుసకీ మూడు నాలుగు మీటర్ల అతివ్యాప్తి ఉండాలి. అది తగ్గిస్తే రెండు వరుసల మధ్యలోనే కప్పు జారుతుంది.

1908లో ఆల్ప్స్‌లోని లోచ్‌బెర్గ్ టన్నెల్ ఫేస్, కాండర్ నది కింది కంకర పొరలోకి తెరుచుకుంది. బురద దూసుకొచ్చి 25 మంది చనిపోయారు. చివరికి ఆ దారే వదిలేసి చుట్టూ తిప్పి తవ్వారు.

అందుకే ముందుకు 20, 30 మీటర్లు పరీక్ష రంధ్రం వేయకుండా ఇలాంటిచోట బ్లాస్టింగ్ చేయకూడదు. దానికి కొన్ని గంటలు పోతాయని షెడ్యూలు వెనకబడ్డప్పుడు ముందుగా కోత పడేది దీనికే, అదే నాకు బాధ. రంధ్రంలోంచి వచ్చే నీటి రంగు మారినా, డ్రిల్లు ఉన్నట్టుండి తేలిగ్గా దిగినా పని ఆపాలి. రంధ్రం నోటికి ముందే వాల్వు బిగించి ఉంటే నీటి ఒత్తిడి కొలవొచ్చు, గ్రౌటింగూ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.