తలకోనలో డబ్బా వేట

మా చిన్నోడికి ఎనిమిదేళ్లు. "పైకెళ్తే వ్యూ భలే ఉంటుంది నాయనా" అని ఎంత ఊరించినా అరకిలోమీటరు నడిచేసరికి కాళ్లు నొప్పులంటాడు, దాహమంటాడు, ఇంకా ఎంత దూరమని పదిసార్లు అడుగుతాడు. అదే "ఇంకో నలభై మీటర్లలో ఒకటి దాగి ఉంది" అన్నామా, మనకంటే ముందు వాడుంటాడు. ఈ సంగతి తెలియక ఎన్ని ఆదివారాలు వాడిని బతిమాలుతూ, ఎత్తుకుంటూ కొండలెక్కామో.

నేను తిరుపతిలోనే పుట్టి పెరిగాను. మేడ మీదికెళ్తే శేషాచలం కొండలు ఎదురుగా ఉంటాయి. అయినా కొండకు పోవడమంటే మాకెప్పుడూ తిరుమలే, దర్శనమే. ఆ కొండల్లో ఊరికే నడవడానికి, చూడడానికి పోవచ్చన్న ఆలోచనే మా ఇంట్లో ఉండేది కాదు. రెండేళ్ల కింద మా తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు జియోక్యాషింగ్ గురించి చెప్పాడు, అక్కడి నుంచి మా ఆదివారాలు మారిపోయాయి.

ఆట చాలా సులువు. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం నెట్‌లో పెడతారు. మనం ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతికి, అందులోని చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేయాలి. లోపల బొమ్మో, గోళీయో ఉంటే తీసుకోవచ్చు కానీ దానికి తగ్గ విలువున్నది ఇంకోటి పెట్టి రావాలి. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తప్పును తీసేసింది. ఆ మర్నాడే, మే 3న, ఓరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన నల్ల ప్లాస్టిక్ బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి అడవిలో దాచాడు. అందులో ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా కూడా ఉన్నాయట. అదే మొదలు. ఉండేలు అనగానే మా చిన్నోడు లేచి కూర్చున్నాడు.

మేం మాత్రం వెబ్‌సైట్‌లో చేరకుండా ఇంటి ఆటగా మొదలుపెట్టాం. చంద్రగిరి దగ్గర మా పెదనాన్న వాళ్ల మామిడి తోట ఉంది. మా ఆయన ముందు రోజే వెళ్లి ఒక పాత స్టీలు టిఫిన్ డబ్బాలో చిన్న నోట్‌బుక్, పెన్సిలు, రెండు గోళీలు, ఒక తాళంచెవి గుత్తి పెట్టి ఒక చెట్టు మొదట్లో రాళ్ల సందున దాచి వచ్చారు. పిల్లలకు ఒక కాగితం మీద అంకెలు రాసిచ్చాం. మన ప్రాంతంలో ఎక్కడైనా 13 డిగ్రీల ఉత్తరం, 79 డిగ్రీల తూర్పుతోనే మొదలవుతాయి, అసలు ఆట అంతా ఆ తర్వాతి నిమిషాల్లో, దశాంశాల్లో ఉంటుంది. ఉత్తరం వైపు ఒక నిమిషం జరిగితే సుమారు 1.85 కిలోమీటర్లు, అదే నిమిషంలో మూడో దశాంశం ఒకటి మారితే రెండు మీటర్ల లోపు. మా పెద్దమ్మాయికి ఆరో తరగతిలో అక్షాంశాలు పాఠంగా ఉన్నాయి, అప్పుడు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు, తోటలో నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేసి అంకె మారడం చూశాక తనే తమ్ముడికి నేర్పింది.

మధ్యాహ్నం చంద్రగిరి కోటకు వెళ్లాం. కోట రక్షిత కట్టడం, అక్కడ ఏ డబ్బా దాచకూడదు, రాయి కదిలించకూడదు. అందుకని ప్రశ్న పెట్టాం. రాజమహల్ మూడంతస్తులు కదా, ఆ గోడల్లో, పైకప్పుల్లో కట్టె ఎక్కడ వాడారో కనిపెట్టండి అని. ఒక గంట సేపు తలెత్తి తిరిగారు. ఎక్కడా లేదు. రాయి, ఇటుక, సున్నంతోనే అంత మహల్ నిలబెట్టారు. "లేదన్నదే జవాబా అమ్మా?" అని పెద్దది అడిగినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటని బోర్డు చదివించబోతే ఏనాడూ నిలబడని పిల్లలు, ఆ రోజు తామే వెళ్లి చదివారు.

ఇక తలకోన జలపాతం. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు, భాకరాపేట మీదుగా. నవంబరులో ఒక ఆదివారం తెల్లారకముందే లేచి చిత్రాన్నం, పెరుగన్నం, వేయించిన చెనిక్కాయలు కట్టుకుని బయల్దేరాం. మా అత్తమ్మ కూడా వస్తానన్నారు. మోకాళ్ల నొప్పి ఉంది, అంత దూరం ఎలా నడుస్తారని నాకు ఒకటే టెన్షన్. "సిద్ధేశ్వరస్వామి గుడిదాకా వస్తా, ఆ పైన మీరు పోండి, నేను నా చిన్నప్పుడే ఎక్కేసినా" అన్నారు.

తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం చెట్లు, బెట్టుడుతలు, బంగారు బల్లి, చిరుతలు ఉండే అడవి. ఇందులో డబ్బా దాచడం అస్సలు పనికిరాదు, అనుమతి లేకుండా పెట్టడం ఆ ఆట నియమాలకే విరుద్ధం. అన్నం వాసన తగిలితే కోతులు వదలవు, ఇక ప్లాస్టిక్ అయితే అడవిలో అలాగే పడి ఉంటుంది. డబ్బా లేకుండా ఒక చోటికి వెళ్లి అక్కడి రాళ్లను, నేలను గమనించి జవాబు రాసే పద్ధతి కూడా ఆ ఆటలో ఉంది, ఎర్త్‌క్యాష్ అంటారు. మేం అదే పట్టుకున్నాం.

ప్రశ్నలు ఇంట్లో తయారుచేసుకున్నవి మూడే. గిల్లతీగ ఎన్ని చెట్లను పట్టుకుని పాకింది? జలపాతం పక్కన బండలో పొరలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగానా? నీళ్ల చప్పుడు మొదట వినిపించిన చోటు అంకెలు రాయండి. ఈ మూడోది మా ఆయన ఆలోచన, అన్నిటికంటే అదే బాగా పనిచేసింది. చప్పుడు వినాలంటే నోరు మూసుకోవాలి కదా, ఆ దారిలో మా పిల్లలు పది నిమిషాలు మాట్లాడకుండా నడిచారు. పక్షుల కూతలు, ఆకుల మీద ఏదో పరిగెత్తిన సవ్వడి, దూరంగా నీళ్లు. నేనూ అంతకుముందు తలకోనలో నీళ్లు తప్ప ఇంకేమీ విననేలేదు.

ఒక భయం కూడా అనుభవమైంది, అది చెప్పాలి. 270 అడుగుల జలపాతం, చుట్టూ నిలువు బండలు, పైన చెట్లు. ఉపగ్రహాల సిగ్నల్ నేరుగా రాకుండా బండలకు తగిలి వస్తే ఫోన్ మనల్ని వేరే చోట చూపిస్తుంది. ఆరుబయట ఐదు మీటర్ల తేడా వస్తే కోనలో ముప్ఫై, నలభై కూడా వస్తుంది. పెద్దది తెర మీద బాణాన్నే నమ్ముకుని దారి వదిలి పొదల్లోకి ఇరవై అడుగులు వేసేసింది. నేను అరిచిన అరుపుకు ఆగింది కానీ నా గుండె ఎంతసేపటికీ కుదుటపడలేదు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత వల్ల ఒక ఆరేళ్ల పాప ప్రాణం పోయిన సంగతి మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే నియమం, ఫోన్ ఏం చూపించినా దారి దాటి కాలు పెట్టకూడదు, పొదలో చెయ్యి పెట్టకూడదు. ఇంకో మాట, అడవి లోపల ఫోన్ సిగ్నల్ ఉండదని చాలామంది జీపీఎస్ కూడా రాదనుకుంటారు. నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని పెట్టుకోవాలి. రాత్రే చార్జింగ్ పెట్టుకోండి, పవర్ బ్యాంకు మర్చిపోకండి.

తిరిగి గుడి దగ్గరికి వచ్చేసరికి మా అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నారు. పిల్లలు జవాబులు ఆమెకు అప్పజెప్పారు. అన్నీ విని, "నీళ్ల సప్పుడు ఆ మలుపు దగ్గర కాదు అబ్బయ్యా, వానాకాలంలో అయితే ఇక్కడికే వినిపిస్తాది" అన్నారు. తన చిన్నప్పుడు శివరాత్రికి బండి కట్టుకుని వచ్చి గుడి ముందరే పడుకున్నప్పుడు రాత్రంతా వినేవాళ్లట. ఈ ముక్క ఆమె మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పెళ్లయి పదిహేనేళ్లయినా నాకు తెలియదు. చిన్నోడు నోట్‌బుక్‌లో నాలుగో ప్రశ్నగా అది రాసుకున్నాడు, వానాకాలంలో వచ్చి చూడాలని.

అన్నాలు తిన్నాక వెంట తెచ్చుకున్న గోతాం తీసి, దారి వెంబడి కనబడిన చిప్స్ కవర్లు, సీసాలు ఏరుకుంటూ కారుదాకా నడిచాం. ఇది కూడా ఆ ఆటలోదే. కార్తీక మాసం కదా, అరగంటలో గోతాం నిండిపోయింది. అడవికి వచ్చి ఇంత చెత్త ఎలా వదిలిపోతారో, నాకు నిజంగా బాధేసింది.

తర్వాత నెల తిరుమలకు వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక శిలాతోరణం చూపించాం. అదెంత పాతదో చెప్పడం కంటే, రాతిలో ఏ పొర అరిగింది, ఏ పొర నిలబడింది అని అడిగితే పిల్లలు కంచె దగ్గర చాలాసేపు నిలబడి బొమ్మ గీసుకున్నారు. ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు కూర్చున్న చోటు కూడా ఉంది, ఆ రెండింటి మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. బస్సులోంచే చూపించాల్సి వచ్చింది, అక్కడ దిగడానికి లేదు.

వచ్చే ఆదివారం పుత్తూరు దగ్గర కైలాసకోన. ఈసారి ప్రశ్న అవ్వే పెడుతుందట. ఏంటని అడిగితే మా ఆయనకు కూడా చెప్పడం లేదు.