కెమిస్ట్రీ గొలుసు: కమ్యూనిటీ కాలేజీ సైన్స్ విద్యార్థిని యూనివర్సిటీకి దాటించడంలో నా అనుభవం

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. వాటిలో రెండేళ్ళు చదివి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లోనో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (సీఎస్‌యూ) క్యాంపస్‌లోనో నేరుగా మూడో ఏడాదిలో చేరడం 1960 నాటి ఉన్నత విద్య మాస్టర్ ప్లాన్ వేసిన దారి. రాష్ట్ర నివాసికి ఫీజు యూనిట్‌కి (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకు 2,760 డాలర్లు. చివరికి చేతికొచ్చే డిగ్రీ మీద ఉండేది యూనివర్సిటీ పేరే. "కమ్యూనిటీ కాలేజీయా?" అని మొహం చిన్నబుచ్చుకునే మన తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది ఇదే.

పిల్లలకు చెప్పేది వేరే. హిస్టరీ, సోషియాలజీ చదివేవాళ్ళ ప్లాను చూసి సైన్స్ విద్యార్థి తన ప్లాను వేసుకోకూడదు. వాళ్ళ కోర్సుల్లో చాలావాటిని ఏ వరుసలో తీసుకున్నా నడుస్తుంది. మన కోర్సులు గొలుసు. ఒక కొక్కెం తప్పితే ఏడాది పోతుంది.

కెమిస్ట్రీ తీసుకోండి. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఆర్గానిక్ రెండు సెమిస్టర్లు. మొత్తం నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి రావలసిందే. అంటే కాలేజీలో అడుగుపెట్టిన మొదటి ఫాల్‌లోనే (ఏడాదిలో మొదటి సెమిస్టర్; రెండోది స్ప్రింగ్) జనరల్ కెమిస్ట్రీ మొదలైతే తప్ప రెండేళ్ళలో పూర్తికాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. "ముందు ఇంట్రడక్టరీ కెమిస్ట్రీ చేసి రా" అంటుంది కాలేజీ. దాంతో నాలుగు సెమిస్టర్లు ఐదవుతాయి. కానీ ఆ ముందు కోర్సు తనకు అక్కర్లేదని కోరే ప్రీరిక్విజిట్ చాలెంజ్ అనే ఫారం ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇంటర్ ఎంపీసీ, బైపీసీ చదివి వచ్చినవాళ్ళు ఆ మార్కుల జాబితా, సిలబస్ జతచేసి రిజిస్ట్రేషన్ తెరవకముందే ఆ ఫారం ఇవ్వాలి. కొన్ని కాలేజీల్లో దీనికి బదులు ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంటుంది. మోల్ లెక్కలు, లిమిటింగ్ రియేజెంట్, సమీకరణాల తుల్యం, అయాన్ల పేర్లు రెండు వారాలు తిరగేసి వెళ్తే చాలు.

ఫిజిక్స్‌దీ ఇదే కథ. కాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్ సాధారణంగా మూడు సెమిస్టర్లు ఉంటుంది. మొదటిదానికి ముందు కాలిక్యులస్ ఒకటి పూర్తికావాలి. మొదటి ఫాల్‌లో కాలిక్యులస్ చేస్తే ఫిజిక్స్ స్ప్రింగ్‌లో మొదలై రెండో స్ప్రింగ్‌కి సరిగ్గా ముగుస్తుంది. మధ్యలో ఒక్క సెమిస్టర్ కూడా ఖాళీ లేదు. ఆల్జీబ్రాతో నడిచే రెండు సెమిస్టర్ల ఫిజిక్స్ తేలికని దానివైపు వెళ్ళేవాళ్ళుంటారు. కొన్ని బయాలజీ మేజర్లు (డిగ్రీలో ప్రధాన విషయాలు) దాన్ని ఒప్పుకుంటాయి. కెమిస్ట్రీ, ఫిజిక్స్ మేజర్లకు అది పనికిరాదు.

ఈ వరుసలను నేను వెనకనుంచి ముందుకు రాస్తాను. యూసీ అప్లికేషన్ గడువు నవంబర్ 30. అది వారాంతంలో పడితే ఒకటి రెండు రోజులు పొడిగిస్తారు. ఆనాటికి విద్యార్థి మూడో సెమిస్టర్ మధ్యలో ఉంటాడు. అప్పటికి యూనివర్సిటీకి కనిపించే గ్రేడ్లు మొదటి ఏడాదివీ ఆ వేసవివీ మాత్రమే. అందుకే మొదటి ఏడాదిని ఇంగ్లిష్, ఆర్ట్, సైకాలజీలతో నింపి "సైన్స్ రెండో ఏడాది చూద్దాం" అనుకుంటే, చూపించడానికి ఒక్క సైన్స్ గ్రేడ్ కూడా ఉండదు.

ఏ కోర్సు దేనికి సరిపోతుందో చెప్పే అధికారిక పట్టిక అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. చదువుతున్న కాలేజీ, వెళ్ళాలనుకునే క్యాంపస్, మేజర్, విద్యా సంవత్సరం ఎంచుకుంటే ఒప్పందం తెరుచుకుంటుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు మన కాలేజీ కోర్సు. దీన్ని చదవడంలో మూడు పొరపాట్లు మళ్ళీమళ్ళీ చూస్తుంటాను. పైనున్న నోట్ చదవకుండా పట్టికలోకి దూకడం మొదటిది. కనీస జీపీఏ, ఏ కోర్సులు తప్పనిసరి, ఏవి చేస్తే మంచిది అన్నవి ఆ నోట్‌లోనే ఉంటాయి. రెండోది 'అండ్' అన్న మాటను పట్టించుకోకపోవడం. కుడివైపు రెండు కోర్సుల మధ్య 'అండ్' ఉంటే రెండూ కలిపి చేస్తేనే ఎడమవైపు కోర్సుకి లెక్క. ఒకటి చేస్తే సగం కాదు, సున్నా. మూడోది, 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్' అని చూసి బెంబేలెత్తడం. మన కాలేజీలో దానికి సమానమైన కోర్సు లేదని మాత్రమే దాని అర్థం. పక్క కాలేజీ ఒప్పందం తెరిచి చూడాలి. అక్కడా లేకపోతే ట్రాన్స్‌ఫర్ అయ్యాక చేసుకోవచ్చు.

పక్క కాలేజీ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. సీరీస్‌ను రెండు కాలేజీల మధ్య విరగ్గొట్టకండి. ఆర్గానిక్ మొదటి భాగం ఒకచోట, రెండోది ఇంకోచోట చేస్తే ఏమవుతుందో చూడండి. ఒక కాలేజీ ఎన్ఎంఆర్, ఐఆర్ స్పెక్ట్రోస్కోపీ మొదటి సెమిస్టర్‌లోనే చెప్పేస్తుంది, ఇంకోటి రెండోదాంట్లో చెబుతుంది. విద్యార్థి ఆ అధ్యాయం రెండుసార్లు చదువుతాడు, లేదా అసలు చదవడు. యూనివర్సిటీకీ ఆ జంట ఏ కోర్సుకి సమానమో తేలదు. క్వార్టర్ పద్ధతి (పదేసి వారాల టర్మ్‌లు) కాలేజీ నుంచి సెమిస్టర్ కాలేజీకి మారితే ఇంకా చిక్కు, ఎందుకంటే మూడు క్వార్టర్లలో రెండు పూర్తిచేసినా అవి రెండు సెమిస్టర్లలో ఒకదానికి సరిగ్గా అతకవు. మొదలుపెట్టినచోటే ముగించాలి.

ల్యాబ్ సీట్లు తక్కువ కాబట్టి రిజిస్ట్రేషన్ రోజు, గంట కూడా ముఖ్యమే. ఓరియెంటేషన్, ఎడ్యుకేషన్ ప్లాన్ పూర్తిచేసినవాళ్ళకు ముందు తేదీ వస్తుంది. వరుసగా రెండు టర్మ్‌లు ప్రొబేషన్‌లో (చదువు వెనకబడినందుకు హెచ్చరికలో) ఉన్నా, 100 యూనిట్లు దాటినా ఆ ప్రాధాన్యం పోతుంది. కాబట్టి కౌన్సెలర్‌తో కూర్చుని ప్లాను రాయించుకోవడం మొదటి నెలలోనే అయిపోవాలి. కాలేజీలో మెసా కార్యక్రమం ఉంటే అందులో చేరమంటాను. గణితం, ఇంజనీరింగ్, సైన్స్ విద్యార్థుల కోసమే 1970లో ఓక్లాండ్‌లో పుట్టిన కార్యక్రమం అది. ట్యూటరింగూ, చదువుకునే గదీ, ట్రాన్స్‌ఫర్ గురించి తెలిసిన మనుషులూ ఒకేచోట దొరుకుతారు.

జనరల్ ఎడ్యుకేషన్‌కి, అంటే మేజర్ ఏదైనా అందరూ చేయాల్సిన కోర్సులకు, 2025 ఫాల్ నుంచి చేరినవాళ్ళకు క్యాల్-గెట్‌సీ అనే ఒకే నమూనా ఉంది: 34 సెమిస్టర్ యూనిట్లు, ప్రతి కోర్సులో కనీసం సి. యూసీకీ సీఎస్‌యూకీ అదే. అయితే సైన్స్ విద్యార్థి విషయంలో నా మాట ఎప్పుడూ ఒకటే, మేజర్ కోర్సులు ముందు. క్యాల్-గెట్‌సీ నిండుగా ఉండి ఆర్గానిక్ లేని విద్యార్థి కంటే, ఆర్గానిక్ ఉండి రెండు హ్యుమానిటీస్ కోర్సులు మిగిలిన విద్యార్థి మెరుగు. యూసీ కనీస షరతులు మాత్రం వదలకూడదు. ఇంగ్లిష్ కాంపోజిషన్ రెండు, మేథ్స్ ఒకటి, ఇతర రంగాల నుంచి నాలుగు, మొత్తం ఏడు కోర్సులు. 60 యూనిట్లతో పాటు ఇవీ ట్రాన్స్‌ఫర్‌కి ముందు స్ప్రింగ్ ముగిసేలోగా పూర్తికావాలి. "ఆ వేసవిలో చేసేస్తాను" అనుకోవద్దు. కనీస జీపీఏ నివాసులకు 2.4, బయటివాళ్ళకు 2.8. అది గేటు మాత్రమే. సైన్స్ మేజర్లలో సీటు తెచ్చే జీపీఏ అంతకంటే బాగా పైన ఉంటుంది.

సీటు హామీ కోసం యూసీలో ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) ఉంది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరు క్యాంపస్‌లు ఇస్తాయి. ఒక్కదానికే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబర్ 1 నుంచి 30 లోపల. అన్ని మేజర్లకూ ఉండదు. జీపీఏ షరతు క్యాంపస్‌కీ మేజర్‌కీ మారుతుంది, కాబట్టి ఆ ఏడాది పత్రం చదవాలి. ట్యాగ్ పెట్టాక నవంబర్‌లో అసలు అప్లికేషన్ విడిగా పెట్టాలన్న సంగతి మరిచిపోయి హామీ పోగొట్టుకునేవాళ్ళున్నారు. రెండింట్లో కోర్సుల వివరాలు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి.

సీఎస్‌యూ వైపు వెళ్ళేవాళ్ళకు కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ మంచి మార్గం. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కొన్ని సీఎస్‌యూ క్యాంపస్‌లలో ఆర్గానిక్ అప్పర్ డివిజన్ (మూడు, నాలుగో ఏడాది స్థాయి) కోర్సు. కమ్యూనిటీ కాలేజీలో చదివితే పాఠం మళ్ళీ చదవక్కర్లేకపోవచ్చు గానీ అప్పర్ డివిజన్ యూనిట్లు రావు. అవి అక్కడికెళ్ళాక వేరే కోర్సులతో నింపుకోవాలి.

యూసీ అప్లికేషన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఒక్కోటి 350 పదాలకు మించకూడదు. మేజర్‌కి ఎలా సిద్ధమయ్యారన్నది ట్రాన్స్‌ఫర్ వాళ్ళందరికీ తప్పనిసరి. "చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే ప్రాణం" అని మొదలుపెట్టిన ప్రతి డ్రాఫ్ట్‌నూ నేను వెనక్కిస్తాను. టైట్రేషన్‌లో మూడు ప్రయత్నాలూ మూడు రకాలుగా వస్తే తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకున్నావు? ఆర్గానిక్ ల్యాబ్‌లో ఈల్డ్ తక్కువ వస్తే రీక్రిస్టలైజేషన్‌లో ద్రావణి ఎక్కువైందని ఎలా తెలిసింది? అది రాస్తే ఆ పిల్లవాడు ల్యాబ్‌లో నిలబడగలడని చదివేవాళ్ళకు అర్థమవుతుంది.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు రెండు. ఇండియాలో బీటెక్‌లోనో బీఎస్సీలోనో ఒక సెమిస్టర్ చదివి వచ్చినా దాన్ని అప్లికేషన్‌లో చూపించాలి. బ్యాక్‌లాగులున్నాయని దాచకూడదు, దాస్తే ఇచ్చిన సీటు రద్దవుతుంది. మార్కులను అమెరికా గ్రేడ్లలోకి మార్చకుండా మెమోలో ఉన్నట్టే వేయాలి. ఇంటర్ దీనిలోకి రాదు, అది స్కూల్ చదువు. హైస్కూల్లో ఉండగా చేసిన కమ్యూనిటీ కాలేజీ కోర్సు మాత్రం వస్తుంది.

రెండోది హెచ్-4, అంటే హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడినవాళ్ళ వీసా. తల్లి లేదా తండ్రి హెచ్-1బి మీద ఉంటే బిడ్డ హెచ్-4 మీద ఉంటూ, షరతులు నెరవేరితే కాలిఫోర్నియా నివాసి ఫీజుకి అర్హత పొందవచ్చు. 21 నిండితే హెచ్-4 ముగుస్తుంది. సరిగ్గా ట్రాన్స్‌ఫర్ వయసది. ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారితే నివాసి హోదా నిలవదు, ఫీజు ఎన్నో రెట్లవుతుంది. పుట్టినరోజుకి కనీసం ఏడాది ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ, కాలేజీ, యూనివర్సిటీల రెసిడెన్సీ ఆఫీసులతోనూ మాట్లాడుకోవాలి. గ్రీన్ కార్డు దశను బట్టి ఒక్కొక్కరి దారి ఒక్కోలా ఉంటుంది. పక్కింటివాళ్ళకు జరిగింది చూసి నిర్ణయం తీసుకోవద్దు.

జనవరి 31 లోగా ఫాల్ గ్రేడ్లూ స్ప్రింగ్ కోర్సులూ యూసీకి మళ్ళీ అందించాలి. స్ప్రింగ్‌లో ఫిజిక్స్ తీసుకుంటానని రాసి, కష్టంగా ఉందని ఫిబ్రవరిలో డ్రాప్ చేసి, చెప్పకుండా ఊరుకుంటే ఏప్రిల్‌లో వచ్చిన అడ్మిషన్ జులైలో పోతుంది. ఏ మార్పయినా అదే వారం తెలపాలి. స్ప్రింగ్‌లో డి వచ్చినా వెంటనే క్యాంపస్‌కి రాసి, ఎలా సరిదిద్దుకుంటారో చెప్పాలి. వాళ్ళకై వాళ్ళు కనిపెట్టేదాకా ఆగితే వినేవాళ్ళుండరు.

జూన్ 1 లోగా సీటు ఖాయం చేసుకోవాలి. జులై 1 లోగా చదివిన ప్రతి కాలేజీ నుంచీ అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ వెళ్ళాలి, ఒక వేసవిలో ఒకే ఒక్క కోర్సు చేసిన కాలేజీ నుంచి కూడా. వెళ్ళేది క్వార్టర్ క్యాంపస్ అయితే మొదటి టర్మ్‌లో రెండు సైన్స్ కోర్సులకు మించి తీసుకోవద్దంటాను, వాటిలో ల్యాబ్ ఒక్కదానికే ఉండాలి. పది వారాల్లో అంతా అయిపోతుంది, మొదటి మిడ్‌టర్మ్ నాలుగో వారానికే మీద పడుతుంది. పదహారు వారాల సెమిస్టర్‌కి అలవాటుపడ్డ పిల్లలకు ఆ వేగం అందుకోవడానికే ఒక టర్మ్ పడుతుంది.