గొలుసు ఎక్కడ ఒరుసుకుంటోంది?

సైకిల్ తొక్కుతున్నప్పుడు పాదాల దగ్గర సన్నని రాపిడి చప్పుడు వినిపిస్తే, చాలామంది చేయి మొదట ముందు డిరెయిలర్ (గేరు మార్చేటప్పుడు గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి జరిపే భాగం) స్క్రూల మీదికే వెళ్తుంది. నేనూ కొన్ని వారాలపాటు అదే పని చేసి, బాగున్న అమరికను కూడా చెడగొట్టుకున్నాను. ఆ అనుభవం తరువాత, చప్పుడు లయను లెక్కపెట్టకుండా ఏ పనిముట్టునూ ముట్టుకోకూడదని నిశ్చయించుకున్నాను.

వేగంగా వెళ్తూ తొక్కడం ఆపి, చక్రాలను వాటంతట అవే దొర్లనివ్వాలి. అప్పుడూ చప్పుడు కొనసాగితే కారణం గొలుసు కాదు. బ్రేక్ డిస్కో, బ్రేక్ ప్యాడో, ఫ్రేముకు తగులుతున్న టైరో అయివుంటుంది. ఆగిపోతే మాత్రం పెడళ్లు, గొలుసు, గేర్ల వైపు చూడాలి. అయితే లేచి నిలబడి బలంగా తొక్కినప్పుడు చక్రమే కొద్దిగా పక్కకు వంగి బ్రేక్ ప్యాడ్‌ను తాకే సందర్భాలున్నాయి. ఆ చప్పుడు కూడా తొక్కడం ఆపగానే ఆగిపోతుంది కనుక ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు.

తరువాత లెక్క మొదలవుతుంది. పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట చప్పుడు వస్తే క్రాంక్ (పెడల్ బిగించే చేయి), చైన్‌రింగ్ (ముందు పళ్లచక్రం), పెడల్, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగ్‌ల భాగం) వీటిని అనుమానించాలి. 112 లింకుల గొలుసు 34 పళ్ల చైన్‌రింగ్ మీద నడుస్తున్నప్పుడు, గొలుసు ఒక పూర్తి చుట్టు ముగించడానికి పెడల్ మూడుసార్లకు కొంచెం ఎక్కువగా తిరగాలి. కాబట్టి చప్పుడు ఆ ఎడంతో వస్తుంటే గొలుసులో ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయిందని అర్థం. పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ వెనుక డిరెయిలర్‌లోని చిన్న చక్రాల దగ్గర గమనిస్తే, ఆ లింకు తిన్నగా సాగక ఎగిరిపడుతూ కనిపిస్తుంది.

చప్పుడు ఎడతెగకుండా వస్తూ గేరును బట్టి మారుతుంటే, అది ముందు డిరెయిలర్ పంజరానికి, అంటే గొలుసుకు ఇరుపక్కలా ఉండే పలకలకు, గొలుసు ఒరుసుకోవడమే కావచ్చు. ముందు చిన్న రింగు, వెనుక అతి చిన్న పళ్లచక్రం వంటి అడ్డదిడ్డమైన జోడింపులలో గొలుసు ఏటవాలుగా నడుస్తుంది కనుక కొంత రాపిడి సహజం. దాన్ని లోపంగా భావించి స్క్రూలు తిప్పడం కన్నా ఆ జోడింపును మానుకోవడం మేలు. మామూలు గేర్లలోనూ ఒరుసుకుంటుంటే ముందుగా పంజరం ఎత్తును, దిశను చూడాలి. దాని బయటి పలక పెద్ద రింగు పళ్లకు సుమారు 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తున, రింగుకు సమాంతరంగా ఉండాలి. ఇది సరిగా లేనప్పుడు స్క్రూలతో ఎంత శ్రమపడినా ఒక గేరులో పోయిన చప్పుడు మరో గేరులో తేలుతుంది. అమరిక సరిగా ఉంటేనే, పంజరం లోపలికి, బయటికి ఎంతవరకు కదలాలో నిర్ణయించే ఎల్, హెచ్ స్క్రూల వంతు వస్తుంది: చిన్న రింగు, పెద్ద పళ్లచక్రం మీద గొలుసు లోపలి పలకను తాకితే ఎల్ స్క్రూను, పెద్ద రింగు, చిన్న పళ్లచక్రం మీద బయటి పలకను తాకితే కేబుల్ బిగువును, ఆపై హెచ్ స్క్రూను పరిశీలించాలి. ఒకసారికి పావు చుట్టు చాలు.

వెనుక వైపు ఒక హెచ్చరిక చాలు. సైకిల్ కుడివైపుకు పడిన తరువాత అతి తేలిక గేరులో టిక్కుటిక్కుమని చప్పుడు వస్తే హ్యాంగర్ (వెనుక డిరెయిలర్‌ను ఫ్రేముకు తగిలించే చిన్న ముక్క) వంగి, డిరెయిలర్ చక్రం చువ్వలను తాకుతూ ఉండవచ్చు. ఆ స్థితిలో తొక్కడం ప్రమాదకరం. డిరెయిలర్ చక్రంలోకి చిక్కుకుంటే రెండూ విరుగుతాయి.

నా సైకిల్‌లో చప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు, అదీ కుడి పెడల్‌ను బలంగా తొక్కినప్పుడే వచ్చేది. స్టాండు మీద పెట్టి తిప్పితే ఏమీ వినిపించేది కాదు, ఎందుకంటే స్టాండు మీద శరీర బరువు ఉండదు. చివరకు రెండు క్రాంక్ చేతులను పట్టుకుని ఫ్రేమువైపు, బయటివైపు ఊపి చూస్తే కదలిక స్పష్టంగా తెలిసింది. బాటమ్ బ్రాకెట్ బేరింగ్‌లు అరిగిపోయి, బరువు పడినప్పుడల్లా చైన్‌రింగ్ మొత్తం పక్కకు ఒరిగి గొలుసును పంజరానికి ఆనిస్తోంది. బేరింగ్‌లు మార్చడానికి పట్టిన సమయం కన్నా, అంతకుముందు నేను తిప్పిన స్క్రూలను పూర్వస్థితికి తేవడానికి పట్టిన సమయమే ఎక్కువ. అప్పటి నుంచి ఏ స్క్రూనైనా కదిపేముందు దాని తల మీద మార్కర్‌తో ఒక గీత గీసి, ఎన్ని పావు చుట్లు తిప్పానో కాగితం మీద రాసుకుంటున్నాను.