ఎమ్మెస్సీ ఉన్నా కనీస అర్హత లేదన్నారు: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ ఉద్యోగం, నా అనుభవం

గత వారం కాలేజీ పాలక బోర్డు మీటింగులో నా నియామకానికి ఆమోదం వచ్చింది. వచ్చే సెమిస్టర్ నుంచి కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఫుల్‌టైమ్ లెక్చరర్‌ని. టెన్యూర్, అంటే ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ఇంకా నాలుగేళ్లు ఆగాలి, అయినా పెద్ద బరువు దిగింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. మన దగ్గర డిగ్రీ, పీజీ చేసి వచ్చి, ఇక్కడ పిల్లలు చేతికందాక మళ్లీ పాఠాలు చెప్పాలనుకునే ఆడవాళ్లు చాలామంది నన్ను అడుగుతున్నారు. వాళ్లందరి కోసం, అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. వాటిని నడిపే డిస్ట్రిక్టులు, అంటే జిల్లాలు కావు, కాలేజీల పాలనా విభాగాలు, 73. దాదాపు 20 లక్షల మంది చదువుతారు. ఫీజు తక్కువ, ఎవరొచ్చినా చేర్చుకుంటారు. నా క్లాసులో రాత్రంతా గిడ్డంగిలో పనిచేసి పొద్దున్నే వచ్చే కుర్రాడు ఉంటాడు, ముగ్గురు పిల్లల్ని స్కూల్లో దింపి నర్సింగ్ కోసం స్టాటిస్టిక్స్ చదవడానికి వచ్చే తల్లి ఉంటుంది, మిలిటరీ నుంచి తిరిగొచ్చినాయన ఉంటాడు. పాఠం చెప్పడమంటే ఏమిటో నాకు ఇక్కడే బాగా తెలిసింది.

ఇలాంటి కాలేజీల్లో చాలా ఏళ్లు పార్ట్‌టైమ్ చేశాను. ఒక డిస్ట్రిక్టులో పార్ట్‌టైమ్ వాళ్లకు ఫుల్‌టైమ్ పనిలో 67 శాతం మించి ఇవ్వకూడదని చట్టం ఉంది. దాంతో బతుకుతెరువు కోసం రెండు మూడు డిస్ట్రిక్టుల మధ్య కారులో తిరుగుతూనే ఉంటాం. మమ్మల్ని ఫ్రీవే ఫ్లయర్లు అంటారు. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం తర్వాత కాలేజీలు పిల్లల్ని స్కూలు లెక్కలు మళ్లీ నేర్పే పాత రెమిడియల్ క్లాసుల్లో కూర్చోబెట్టడం తగ్గించి, నేరుగా యూనివర్సిటీకి పనికొచ్చే స్టాటిస్టిక్స్‌లాంటి కోర్సుల్లో వేయడం మొదలుపెట్టాయి. స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్లకు గిరాకీ పెరిగింది. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్. ఇంకో డిస్ట్రిక్టులో ఫుల్‌టైమ్ పోస్టు పడగానే అప్లై చేశాను.

ఫారం నింపడం, రెజ్యూమే, రికమెండేషన్ లెటర్లు పెద్ద కష్టం కాదు. ఒక వారాంతం చాలు.

కొన్ని వారాలకు ఈమెయిల్ వచ్చింది. "కనీస అర్హతలు లేనందున మీ దరఖాస్తు పరిశీలించలేము." అంతే. అప్పటికే అదే రాష్ట్రంలో, అదే స్టాటిస్టిక్స్‌ని, పక్క డిస్ట్రిక్టు పిల్లలకు చెబుతున్నాను. తప్పుగా పంపారేమో అనుకుని హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే, తప్పేం లేదన్నారు.

సంగతేమిటంటే, మ్యాథ్స్ చెప్పాలంటే రాష్ట్రం పెట్టిన అర్హత మ్యాథమెటిక్స్‌లోగానీ అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లోగానీ మాస్టర్స్. లేదా ఆ రెండింట్లో ఒకదానిలో బ్యాచిలర్స్ ఉండి, పైన స్టాటిస్టిక్స్, ఫిజిక్స్, మ్యాథ్స్ ఎడ్యుకేషన్ లాంటి వాటిలో మాస్టర్స్. నా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కాబట్టి కింద మ్యాథ్స్ డిగ్రీ చూపించాలి. నేను తెనాలిలో చదివింది బీఎస్సీ ఎంపీసీ. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానం. పట్టా మీద బీఎస్సీ అనే ఉంటుంది, బీఎస్సీ మ్యాథమెటిక్స్ అని ఉండదు. పైగా మూడేళ్ల డిగ్రీ. విదేశీ చదువుల్ని లెక్కగట్టే సంస్థకు డబ్బు కట్టి రిపోర్టు తెప్పిస్తే, మూడేళ్ల అండర్‌గ్రాడ్యుయేట్ చదువు అని రాసిచ్చారు. ఎమ్మెస్సీని మాత్రం మాస్టర్స్‌గా ఒప్పుకున్నారు. పై మెట్టు ఉంది, కింద మెట్టు లేదు అన్నట్టు తేలింది నా చదువు.

ఇలాంటివాళ్ల కోసం ఈక్వివలెన్సీ అని ఒక దారి ఉంది. డిగ్రీ పేరు వేరైనా చదువు సమానమేనని డిస్ట్రిక్టు తేల్చవచ్చు. అయితే ఒక డిస్ట్రిక్టు ఇచ్చిన ఈక్వివలెన్సీ ఇంకో డిస్ట్రిక్టులో చెల్లదు. ఎవరి కమిటీ వారిదే. నేను పనిచేస్తున్న చోట ఎప్పుడో ఇచ్చారు, ఇక్కడ మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వచ్చింది. అడిగాను. కమిటీ పిలిచింది.

ఆ గది నేను మర్చిపోను. ఒకాయన నా డిగ్రీ మార్కుల మెమో మీద పెన్ను ఆనించి కిందికి జరుపుకుంటూ వచ్చి, 71 దగ్గర ఒకసారి, 68 దగ్గర ఒకసారి ఆగి, "ఇవన్నీ సీ, డీ గ్రేడ్లేగా" అన్నారు. మా కాలేజీలో 60 దాటితే ఫస్ట్ క్లాస్ అని, వాల్యుయేషన్ వేరని చెప్పాను. పక్క పేజీలోనే ఆ మార్కులకు లెక్కగట్టిన సంస్థ 'A' గ్రేడ్లు వేసి ఉంది. ఆయన పేజీ తిప్పలేదు. ఇంకొకరు, "మ్యాథమెటిక్స్ పేపర్ వన్ అంటే ఏమిటి? ఏ కోర్సు?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన మెమోల్లో పేపర్ 1, పేపర్ 2 అనే ఉంటాయి, లీనియర్ ఆల్జీబ్రా అని, రియల్ అనాలిసిస్ అని విడివిడిగా ఉండవు. నేను నోటితో చెప్పడం మొదలుపెడితే, "కాగితం మీద ఉందా?" అన్నారు. ఆఖర్లో ఒకావిడ, మీ చదువు ఇంగ్లీషులో జరిగిందా అని అడిగింది. పక్క డిస్ట్రిక్టులో పాఠాలు చెబుతున్న సంగతి నా దరఖాస్తు మొదటి పేజీలో ఉంది. విద్యార్థులు రాసిన అభిప్రాయాలు కూడా జతచేశాను.

రెజెక్ట్ చేశారు. ఫారంలో కారణం రాయాల్సిన చోట ఒక్క వాక్యం: "సమానత్వం నిరూపితం కాలేదు." ఇంటికొచ్చి మా ఆయనతో కూడా సరిగ్గా మాట్లాడలేకపోయాను. మార్కులు తక్కువొచ్చి ఏడవడం నా జీవితంలో లేదు. మా బ్యాచ్‌లో కాలేజీ ఫస్ట్ నేను. అలాంటిది, ఈ వయసులో నా మెమో పట్టుకుని నేను చదివానా లేదా అని పదిమంది ముందు తేల్చుతుంటే అవమానంగా అనిపించింది. ఆ ఏడాది ఆ పోస్టు చేజారింది.

వదిలేయమని అందరూ అన్నారు. మా వదిన, "అక్కడ మళ్లీ ఒక మాస్టర్స్ చేసెయ్, గొడవ ఉండదు" అంది. చదివిన చదువునే డబ్బు పోసి ఇంకోసారి ఎందుకు చదవాలి? నేను ఒప్పుకోలేదు.

మొదట ఆ డిస్ట్రిక్టు ఈక్వివలెన్సీ పాలసీ మొత్తం డౌన్‌లోడ్ చేసి చదివాను. సిలబస్ కాపీలు ఆధారంగా ఇవ్వవచ్చని అందులో స్పష్టంగా ఉంది. హెచ్‌ఆర్‌లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. మీరు కూడా వాళ్లు ఫోన్లో చెప్పేది నమ్మకండి, పాలసీ చదవండి, ఏది అడిగినా ఈమెయిల్లోనే అడగండి.

తర్వాత సిలబస్ కోసం మా తమ్ముణ్ణి యూనివర్సిటీకి పంపాను. ఇరవై ఏళ్ల కిందటి సిలబస్ మా దగ్గరెక్కడిది అన్నారు. రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. చివరికి దొరికింది రిటైరైన మా మ్యాథ్స్ మాస్టారి ఇంట్లో. ఆయన ఇనప బీరువాలో, పాత ప్రశ్నపత్రాల కట్ట కింద, మా బ్యాచ్ నాటి సిలబస్ పుస్తకం దాచి ఉంచారు. అట్ట ఊడిపోయింది, లోపల అక్షరం చెదరలేదు. తమ్ముడు జిరాక్స్ తీయించి, కాలేజీకి వెళ్లి ప్రతి పేజీ మీద ప్రిన్సిపాల్ సంతకం, ఊదా రంగు గుండ్రటి స్టాంపు వేయించి పంపాడు. నేను కూర్చుని ఒక పట్టిక చేశాను. ఎడమవైపు మన పేపర్, అందులోని యూనిట్లు. కుడివైపు ఇక్కడి యూనివర్సిటీ కేటలాగ్‌లో అవే పాఠాలున్న కోర్సు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా అన్నీ వరసగా సరిపోయాయి. ఇక్కడ మ్యాథ్స్ మేజర్ చేసే పిల్లలు మూడు, నాలుగో సంవత్సరాల్లో చదివేవి మేం డిగ్రీలోనే చదివాం. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మూడో పని, అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టులకు సమాన ఉపాధి అవకాశాల ప్లాన్ ఉండాలి, దాన్ని చూసుకునే ఒక ఆఫీసర్ ఉండాలి, ఒక సలహా కమిటీ ఉండాలి. దరఖాస్తు చేసినవాళ్లలో ఏ వర్గం వాళ్లు ఏ దశలో రాలిపోతున్నారో గమనించాలని నిబంధనల్లో ఉంది. ఆ ఆఫీసర్‌కి ఉత్తరం రాశాను. నాకు ఉద్యోగం ఇప్పించమని అడగలేదు. విదేశాల్లో చదివినవాళ్లు ఎంతమంది ఈ అర్హతల మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు, ఎవరైనా లెక్క చూశారా అని అడిగాను. ఆవిడ స్వయంగా ఫోన్ చేసింది. సెలక్షన్ కమిటీ దాకా వచ్చిన దరఖాస్తుల్నే తాము పరిశీలిస్తున్నామని, హెచ్‌ఆర్ ముందే పక్కన పెట్టినవాటిని చూడటం లేదని ఒప్పుకుంది.

మరుసటి ఏడాది పోస్టు మళ్లీ పడింది. ఈక్వివలెన్సీ కమిటీలో అదే మెమో, అవే మార్కులు, పక్కన ఊదా స్టాంపుల సిలబస్, నా పట్టిక. ఈసారి ఆ ఆఫీసర్ కూడా కూర్చుంది. పది నిమిషాల్లో అయిపోయింది. ఇచ్చేశారు. నా చదువు ఏమాత్రం మారలేదు. చదివి చూసే ఓపిక వాళ్లకు వచ్చింది, అంతే. ఎంత మంచి రూల్ అయినా, దాన్ని పట్టించుకునే మనిషి ఆ గదిలో లేకపోతే కాగితమే.

ఇక దరఖాస్తుతో పాటు రాసివ్వాల్సిన డైవర్సిటీ స్టేట్‌మెంట్. మన వాట్సాప్ గ్రూపుల్లో దీనిమీద వచ్చే సలహాలు దయచేసి వినకండి. "మనం మైనారిటీ కదా, ఇండియన్ అని, ఆడదాన్నని గట్టిగా రాసేయ్" అంటారు. అడిగేది మీరెవరని కాదు. అక్కడి పిల్లల చదువులో, ఆర్థిక స్థితిలో, సంస్కృతిలో, వైకల్యాల్లో ఉండే తేడాల్ని మీరు అర్థం చేసుకుని ఏం చేస్తారని. లెక్చరర్ పోస్టుకు ఇది చూడాలని రాష్ట్ర విద్యా చట్టంలోనే ఉంది. నేను వినికిడి సమస్య ఉన్న ఒక విద్యార్థిని గురించి రాశాను. ఆ అమ్మాయి నా పెదవులు చూసి పాఠం అందుకుంటుందని తెలిశాక బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశాను. రాయడం ఆపి, తిరిగి, చెప్పి, మళ్లీ రాస్తాను. వీడియోలకు క్యాప్షన్లు తప్పుల్లేకుండా నేనే సరిచేస్తాను. క్యాప్షన్లు పెట్టాక ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు కూడా బాగా అందుకున్నారు. అదే రాశాను.

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే తెలిసినాయన ఒకాయన, "అయితే డైవర్సిటీ కోటాలో వచ్చిందన్నమాట" అన్నాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. కాలిఫోర్నియాలో 1996లో ప్రజలు ఓటేసి తెచ్చుకున్న ప్రాపొజిషన్ 209 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో జాతి, రంగు, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం చూసి ఎవరికీ ప్రాధాన్యం ఇవ్వకూడదు. దాన్ని తీసేయాలని 2020లో ప్రాపొజిషన్ 16 పెడితే అదీ ఓడిపోయింది. మన దగ్గరలా రిజర్వేషన్ రోస్టర్ పాయింట్లు ఇక్కడ లేవు. ప్రకటన ఎక్కువమందికి చేరేలా చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడగడం, కమిటీలో కూర్చునేవాళ్లకు పక్షపాతం గురించి శిక్షణ ఇవ్వడం, ఇవీ వీళ్లు చేసేవి. ఇంకో మాట. మన దగ్గర రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్నవాళ్లను ఇదే గొంతుతో తక్కువ చేసి మాట్లాడినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఒకసారి ఆ మాట నాకు తగిలాక అది ఎంత గుచ్చుకుంటుందో తెలిసింది. రిజర్వేషన్‌లో వచ్చినవాళ్లు అది చిన్నప్పటి నుంచీ పడుతున్నారు. మా పిల్లల ముందు ఆ మాట ఎవరన్నా ఇకమీదట నేను ఊరుకోను.

ఇంటర్వ్యూ గురించి భయపడకండి గానీ ముందే తెలుసుకోండి. ప్రశ్నల కాగితం కాసేపు ముందు చేతికిచ్చారు. లోపల ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న చదివి, తల దించుకుని రాసుకుంటారు. నవ్వరు, బాగుందనరు, ఎదురు ప్రశ్న వేయరు. అందరికీ ఒకేలా ఉండాలని అలా చేస్తారు. చెప్పింది నచ్చలేదేమోనని టెన్షన్ పడి ఆపేయకండి, మీకిచ్చిన సమయం వాడుకోండి. తర్వాత టీచింగ్ డెమో, నాకది నల్లేరు మీద నడక. ఆ తర్వాత ప్రెసిడెంట్‌తో మాట, రిఫరెన్సులు, బోర్డు.

మూడేళ్ల, మూడు సబ్జెక్టుల డిగ్రీలను ఎలా చూడాలో ఈక్వివలెన్సీ ఫారంలోనే రాసిపెట్టమని, సిలబస్ ఇవ్వవచ్చని మొదటి ఈమెయిల్లోనే చెప్పమని, ముందే పక్కన పెట్టిన దరఖాస్తుల్ని కూడా లెక్కలోకి తీసుకోమని సలహా కమిటీకి రాసిచ్చాను. సెప్టెంబర్ మీటింగు ఎజెండాలో పెట్టారు. నా పట్టికను నమూనాగా వాడుకోవచ్చా అని ఆ ఆఫీసర్ అడిగింది. పేరు తీసేసి పంపించాను.