అంగారకుడి లావా కొలతలు: నా అనుభవం

అంగారకుడి థార్సిస్ ప్రాంతంలో గట్లు కట్టుకుంటూ పారిన లావా ప్రవాహాలు చాలా ఉన్నాయి. చల్లారిపోయిన ఆ రాతిలో మనకు కొలవడానికి దొరికేవి మందం, వెడల్పు, పొడవు, వాలు. అంతే. లావా ఎంత గట్టిగా ఉండేదో, ఎంత జోరుగా పొంగిందో వాటి నుంచే లెక్క కట్టాలి. అందుకే ముందు మనుషులు కళ్లారా చూసిన ప్రవాహం మీద ఆ లెక్క సరిచూసుకుంటాను. హవాయిలోని మౌనా లోవా నుంచి 1984 మార్చి, ఏప్రిల్ నెలల్లో పారిన 'ఆ-ఆ' రకం (పైభాగం గరుకుగా, ముక్కలుముక్కలుగా ఉండే) లావా అందుకు సరిపోతుంది. దక్కన్ పీఠభూమిలోని లావా పొరలు, అంటే దక్కన్ ట్రాప్స్, మన వాకిట్లోనే ఉన్నా, దాదాపు 6.6 కోట్ల ఏళ్లలో వాటి అంచులు అరిగిపోయాయి. అంచు తెలియకపోతే వెడల్పు ఎక్కడి నుంచి కొలుస్తాం?

జేమార్స్ అనే అంగారక మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో, కక్ష్యలోని సీటీఎక్స్ కెమెరా తీసిన చిత్రం (పిక్సెల్‌కు 6 మీటర్లు) మీద అంచు గీస్తాను. ఎత్తు మాత్రం మోలా (కక్ష్య నుంచి లేజర్‌తో ఎత్తులు కొలిచిన పరికరం) గ్రిడ్ నుంచి తీసుకోను. 463 మీటర్ల ఆ గ్రిడ్‌లో నిటారు అంచు కూడా జారుడుబల్లలా కనిపిస్తుంది. సుమారు 300 మీటర్లకొకటిగా పడిన అసలు లేజర్ పాయింట్లే నయం. ఆ ట్రాకులు ఉత్తర దక్షిణాలుగా నడుస్తాయి కాబట్టి తూర్పు పడమరలుగా పారిన ప్రవాహాన్ని ఎంచుకుంటే అడ్డకోతలు బాగా దొరుకుతాయి. కనీసం 5 ట్రాకులు తీసుకుని, రెండు పక్కలా బయటి నేల ఎత్తులను గీతతో కలిపి, దాని మీద ప్రవాహం ఎంత లేచిందో చూస్తాను, అదే మందం. వాలు కూడా ఆ పక్క నేల మీదే.

ఈల్డ్ స్ట్రెంత్, అంటే లావా కదలడం మొదలుపెట్టడానికి కావలసిన ఒత్తిడి = సాంద్రత × గురుత్వం × మందం × వాలు సైన్. సాంద్రత 2600 (ఘనపు మీటరుకు కిలోలు), అంగారకుడి గురుత్వం 3.71, మందం 30 మీటర్లు, వాలు 0.5 డిగ్రీలు వేస్తే సుమారు 2500 పాస్కల్స్. భూమికి వేసిన స్ప్రెడ్‌షీట్ కాపీ చేసి అందులోని భూమి గురుత్వం 9.81 మార్చడం మరిచిపోతే 6700 వస్తుంది. అదీ నమ్మదగ్గ అంకెలాగే కనిపిస్తుంది, అదే చిక్కు. గురుత్వానికి విడిగా ఒక సెల్ పెట్టుకోండి. మందంలో 3 మీటర్ల తేడా 10 శాతమే తప్పు తెస్తుంది, వాలులో 0.1 డిగ్రీ తేడా 20 శాతం తెస్తుంది. జాగ్రత్తంతా వాలు దగ్గరే.

లావా ఎంత జోరుగా పొంగిందో గ్రేట్జ్ సంఖ్య (లావా మోసుకెళ్లే వేడికీ కోల్పోయే వేడికీ ఉన్న నిష్పత్తి, ఆగేసరికి 300 అనుకుంటాం) చెబుతుంది: సెకనుకు పొంగిన లావా = 300 × ఉష్ణ విసరణం (రాతిలో వేడి పాకే వేగం) × పొడవు × వెడల్పు ÷ మందం. విసరణం సెకనుకు చదరపు మీటరులో 10 లక్షల వంతు అనుకుంటే, 100 కి.మీ. పొడవు, 5 కి.మీ. వెడల్పు, 30 మీటర్ల మందానికి సెకనుకు 5000 ఘనపు మీటర్లు. లావా చల్లబడి ఆగిందన్నది ఇక్కడి ఊహ. లావా బయటికొచ్చే బిలం ముందే మూసుకుపోయి ఉంటే ఇది కనిష్ఠ అంకె మాత్రమే.

పాహోయిహోయి రకం (పైభాగం నున్నగా ఉండే) లావా దగ్గర ఈ లెక్కలేవీ చెల్లవు. పైన పెచ్చు కట్టాక లోపలికి లావా ఎక్కుతూ దాన్ని పైకి లేపుతుంది, అందుకని ఇప్పటి మందం పారినప్పటిది కాదు. ఇది అర్థం కావాలంటే దక్కన్ బసాల్ట్ కంకర క్వారీలో కోసిన గోడ చూడాలి. పై పెచ్చు నిండా బుడగ గుంతలు, వాటిలో జియోలైట్లనే తెల్లటి ఖనిజాలు, కింద గట్టి నల్ల రాయి. హవాయిలో కుదిరిన సూత్రం ప్రకారం పెచ్చు మందాన్ని (మీటర్లలో) వర్గం చేసి 164.8తో గుణిస్తే ఆ పెచ్చు కట్టడానికి పట్టిన గంటలొస్తాయి. 4 మీటర్ల పెచ్చుకు దాదాపు 110 రోజులు. కక్ష్య నుంచి చూస్తే ఆ పెచ్చు కనపడదు. నడినెత్తిన నెర్రె విచ్చిన దిబ్బలు, చదును మీద కూరుకుపోయిన గుంటలు కనిపిస్తే ఆ ప్రవాహాన్ని నా పట్టికలోంచి తీసేస్తాను.